మంచు లేని పెంగ్విన్

టీచర్ పోయారన్న కబురు నాకు పత్తి మార్కెట్లో అందింది. పొద్దున వేలం అప్పుడే మొదలైంది. బస్తాల మధ్య నిలబడి, పత్తిని గుప్పిట్లోకి తీసుకుని పింజ పొడుగు చూస్తున్నాను. హన్మకొండ నుంచి సైకిల్ మీద వచ్చిన మనిషి చెమట తుడుచుకుంటూ, "మీ సైన్సు టీచరమ్మ తెల్లారగట్ల పోయిందమ్మా. వాళ్ల చెల్లె మీకు చెప్పి రమ్మన్నది" అన్నాడు. చేతిలో ఉన్న పత్తిని ఏం చేశానో నాకు గుర్తు లేదు. పక్క దుకాణం ఆయన "ఎవరమ్మా, చుట్టాలా?" అని అడిగితే "అవును" అన్నాను. రక్తసంబంధం ఏమీ లేదు. అయినా ఆమె నాకు చుట్టం కాదని ఎవరైనా అంటే ఇప్పటికీ ఊరుకోను.

పదకొండో రోజు తర్వాత బళ్లో సంతాప సభ పెట్టారు. మైకు పట్టుకున్న ఒకాయన ఆమెను శాంతమూర్తి అన్నాడు. నాకు ఒళ్లు మండింది. పోయినవాళ్లందరికీ ఒకే సున్నం కొడతారు మనవాళ్లు. మా టీచర్ శాంతమూర్తి కాదు, మొండిఘటం. ఒక బొమ్మ పక్షి పక్కన గుప్పెడు దూది పెట్టనన్నందుకు తన గదిని పోగొట్టుకున్న మనిషి. ఆ సంగతి ఎవరూ చెప్పరని తెలిసి నేను రాస్తున్నాను.

డెబ్బైలలో వరంగల్‌లో మేం చదివిన ఆడపిల్లల బడికి ఒక సైన్సు గది ఉండేది. ఒక పొడుగాటి బల్ల, రెండు బీరువాలు, సీసాల్లో కప్పా తేలూ పాముపిల్లా, గోడకు గుండె బొమ్మ. అంతే. కానీ అప్పట్లో ఆడపిల్లల బడికి సైన్సు గది ఉండడమే చాలామందికి కంటగింపు. ఆ గది తాళంచెవి టీచర్ కొంగుకు ఉండేది. ఆమె పొట్టి మనిషి. నేత చీర, చేతికి మగవాళ్ల గడియారం, చెవి వెనక సుద్దముక్క. ఆ సుద్దముక్కతోనే బస్సెక్కి హన్మకొండ పోయేవారు. పెళ్లి చేసుకోలేదు. చెల్లెలితో కలిసి రెండు గదుల కిరాయి ఇంట్లో ఉండేవారు. పెళ్లెందుకు చేసుకోలేదని అడిగే ధైర్యం మాకు లేదు. అడిగిన పెద్దవాళ్లకు మాత్రం "టైం దొరకలే" అని చెప్పేవారట.

ఆమె దగ్గర ఒక మాట ఉండేది. ఎవరు ఏం చెప్పినా ముందు ఆ మాటే వచ్చేది. ఒకసారి ఎవరో అమ్మాయి, బల్లి మీద పడితే మనిషి చచ్చిపోతాడని చెప్పింది.

"చూసినవా?" అన్నారు టీచర్.

"లేదు టీచర్."

"చూసినోళ్లు రాసింది చదివినవా?"

"లేదు టీచర్."

"రెండూ లేకపోతే నోరు మూస్కో బిడ్డా. నోరు మూస్కునుడు గూడ సైన్సే."

పైనుంచి తనిఖీకి వచ్చిన అధికారులను కూడా ఇదే అడిగేవారు. వాళ్ల దగ్గర 'నోరు మూస్కో' ఒక్కటి మింగేసేవారు. మింగినట్టు మొహంలో తెలిసిపోయేది.

పెంగ్విన్ మా జీవితంలోకి ఎనిమిదో తరగతిలో వచ్చింది. పెంగ్విన్లు మంచులో ఉంటాయని పాఠంలో ఒక వాక్యం ఉంది. నేను లేచి చదివాను. టీచర్ నన్ను ఆపి, "అన్నీ కాదు" అన్నారు. మర్నాడు ఒక లావుపాటి ఇంగ్లీషు పుస్తకం తెచ్చారు. హైదరాబాద్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద కొన్న పాత పుస్తకం. అట్ట ఊడిపోయింది, లోపల రంగుల బొమ్మలు మాత్రం చెక్కుచెదరలేదు. ఒక పేజీ విప్పి బల్ల మీద పెట్టి, మమ్మల్ని చుట్టూ నిలబెట్టారు.

దట్టమైన అడవి. పెద్ద చెట్టు వేర్ల కింద బురద, ఆకులు, తడి. ఆ వేర్ల సందులో నిలబడి ఒక పెంగ్విన్. వీపు నల్లగా, కొంచెం నీలం తిరిగి ఉంది. పొట్ట తెల్లన. ముక్కు మొదలు నుంచి కంటి పైగా వెడల్పాటి పసుపుపచ్చ చార పోయి, వెనక మెడ మీద సిగలాగా వాలింది. పుస్తకంలో దాని పేరు ఫియోర్డ్‌లాండ్ పెంగ్విన్. మా ఎవరి నోరూ తిరగలేదు. న్యూజిలాండ్‌లో మొదటినుంచీ ఉన్న జనం దాన్ని తవాకి అంటారని టీచర్ చెప్పారు. ఆ పేరు మాకు ఇట్టే పట్టుబడింది. ఇంటికి పోయి మా నాయనమ్మకు చెబితే ఆమెకూ పట్టుబడింది.

"అడవిల పెంగ్వినా?" అన్నది సుజాత. కొత్తవాడలో తివాచీలు నేసే ఇంటి పిల్ల, నా పక్క సీటు. "మా మేనత్తది ములుగు, టీచర్. అక్కడ అడవిల నెమళ్లుంటయి, ఎలుగొడ్లుంటయి. గియ్యి నేనెన్నడు చూడలే."

క్లాసంతా నవ్వింది. టీచర్ కూడా నవ్వారు. "ములుగు అడవి కాదే తల్లీ, న్యూజిలాండ్ అడవి. సముద్రం ఒడ్డునే అడవి, ఏడాది పొడుగునా వాన. మనకు శ్రావణం వచ్చేటాళ్లకు వాళ్లకు నడి చలికాలం. అప్పుడే ఇవి సముద్రంల నుంచి ఒడ్డుకు ఎక్కి, బురదల నడుసుకుంట అడవిలకు పోయి, చెట్ల వేర్ల కింద, పడిపోయిన మొద్దుల కింద గూడు పెడ్తయి. సిగ్గుపడే పక్షి. మనిషి అలికిడైతే దాస్కుంటది. లోకం మొత్తం ఒకటి అంటాంటే, ఇది ఇంకోటి చేస్తాంది. నాకు నచ్చింది."

ఆ వారమంతా తవాకే. దాన్ని ఎట్లా గుర్తుపట్టాలో నల్లబల్ల మీద గీసి చూపించారు. పక్క దీవుల్లో అచ్చం ఇట్లాంటి సిగతోనే ఇంకో పెంగ్విన్ ఉంటుందట. దానికి ముక్కు మొదట్లో ఈకలు లేకుండా గులాబీ రంగు తోలు కనిపిస్తుంది. తవాకికి అది ఉండదు. తవాకి చెంపల మీద సన్నని తెల్ల గీతలుంటాయి. కోపమొచ్చి ఈకలు విప్పినప్పుడు అవి బాగా కనిపిస్తాయి. "మన టీచర్ లెక్కనే" అని సుజాత నా చెవిలో గొణిగింది. కోపమొస్తే టీచర్‌కు ముక్కుకు అటూ ఇటూ రెండు గీతలు పడేవి. ఆమెకు వినిపించింది. అప్పుడే ఆ గీతలు పడ్డాయి.

పిల్ల పుట్టిన కొత్తలో మగపక్షి తిండి మానేసి గూట్లో కాపలా ఉంటుందనీ, ఆడది సముద్రానికి పోయి తిండి తెస్తుందనీ చెప్పిన రోజు క్లాసులో పెద్ద గోల. "మొగోడు పిల్లను పట్టుకోని ఇంట్ల కూసుంటడా టీచర్?" అని వెనక బెంచీ అరిచింది. "కూసుంటడు. ఎవ్వలు ఏమనరు. అక్కడ చుట్టాలు లేరు" అన్నారు టీచర్. ఆ జవాబు ఎవరో ఇంట్లో చెప్పారట. ఆ పిల్ల తండ్రి మరునాడు బడికొచ్చి మా హెడ్మిస్ట్రెస్ పెద్ద మేడంతో, మీ సైన్సు టీచర్ ఆడపిల్లలకు ఏం నేర్పుతున్నదని అడిగి పోయాడు.

గుడ్ల సంగతి కూడా అప్పుడే చెప్పారు. తవాకి రెండు గుడ్లు పెడుతుంది. మొదటిది చిన్నది, రెండోది పెద్దది. ఎక్కువగా దక్కేది ఒక్క పిల్లే, అదీ చాలాసార్లు రెండో గుడ్డుదే. మరి మొదటిది ఎందుకు పెడుతుందని నేను అడిగాను. "తెల్వదు" అన్నారు. "చదివినోళ్లకు గూడ ఇంక సక్కగ తెల్వదు. పెడ్తది, అంతే. పోయినా ఆగదు, రెండోది పెడ్తది." తనకు తెలియదని క్లాసు ముందు నిలబడి చెప్పిన పెద్దమనిషిని నేను అంతకు ముందు చూడలేదు.

ఆ ఏడాదే గది మీద కత్తి వేలాడింది. బడి మంచీచెడూ చూసే పెద్దమనుషులు, ఆడపిల్లలకు ప్రయోగాలెందుకు, ఆ గదిలో కుట్టుమిషన్లు పెడితే రేపు అక్కరకొస్తాయని పట్టుబట్టారు. కుట్టు నేర్పడం తప్పని టీచర్ ఎన్నడూ అనలేదు. వేరే గది లేదా అన్నారు. లేదన్నారు వాళ్లు. పెద్ద మేడం చెడ్డ మనిషి కాదు, భయస్తురాలు. ఆమె ఒక దారి వెతికింది. జిల్లా సైన్సు ఎగ్జిబిషన్‌లో మన బడికి మొదటి బహుమతి వస్తే గదిని ఎవరూ ముట్టుకోకుండా చూస్తానన్నది. పెద్దమనుషులు కూడా సరే అన్నారు. మేం ఎట్లాగూ గెలవమని వాళ్ల ధీమా.

టీచర్ తవాకిని చేద్దామన్నారు. పాత పేపర్లు నానబెట్టి, మెంతులేసి రోట్లో రుబ్బాం. ఆ గుజ్జుతో మోకాలి పైదాకా వచ్చే పక్షి లేచింది. సిగకు పసుపు నూలు సుజాత వాళ్ల మగ్గం దగ్గర్నుంచి వచ్చింది. వంకర్లు తిరిగిన పెద్ద వేరు ములుగు బస్సు మీద ఎక్కి వచ్చింది. నాచు కోసం ఖిలా కోటకు పోయి పాత రాళ్లన్నీ గీరాం. చివరికి నూనె డబ్బా అడుక్కి మేకుతో చిల్లులు పొడిచి, పైన వేలాడదీసి నీళ్లు పోస్తే వాన. బొమ్మ పక్కన ఒక పిల్ల చెంబుతో నిలబడాలి. వానాకాలం ఆ పిల్ల చేతుల్లో ఉంటుంది.

మా బాపు, అంటే మా నాన్న, రైతుల పత్తి అమ్మిపెట్టే అడ్తి వ్యాపారి. పెంగ్విన్ చేస్తున్నామని తెలియగానే అడగకముందే ఒక సంచి నిండా తెల్లటి పత్తి దులిపించి రిక్షాలో బడికి పంపాడు. "మంచుకు తక్కువ పడొద్దు" అని కబురు. పత్తి పండే జిల్లా మాది. బొమ్మల్లో మంచంటే దూదే. దసరాకు పెట్టే కైలాసం కూడా మా దగ్గర దూదితోనే తయారయ్యేది. టీచర్ ఆ సంచిని అదే రిక్షాలో తిప్పి పంపారు. "మంచి పత్తి. పక్షికే అక్కర లేదు అని చెప్పు."

బాపుకు అది చిన్నతనమైంది. మరునాడు టోపీ పెట్టుకుని బడికి వచ్చేశాడు.

"ఏంది టీచరమ్మా, నా పత్తి తిప్పి పంపినవట? మార్కెట్ల గసోంటిది దొరుకుతదా?"

"దొరకదు సేటూ. కూసోండ్రి. ఒక మాట అడుగుత. పత్తి మీద నీళ్లు కొడ్తే ఏమైతది?"

"తూకం పెరుగుతది."

"మరి మీరు కొడ్తరా?"

బాపు కుర్చీలోంచి సగం లేచాడు. "ఎవ్వలన్నరు? మా తాత కాలం నుంచి ఈ దుకాణంల ఒక్క చుక్క పడలే! ఎవ్వలన్నరో చెప్పు, గిప్పుడే తేల్చుకుంట!"

"ఎవ్వలనలే. కొట్టరని తెలుసు గనుకనే అడిగిన. కొడ్తే లాభమొస్తదని తెల్సి గూడ మీరు కొట్టరు. ఈ పక్షి ఉండే కాడ మంచు లేదు సేటూ. దూది పెడ్తే బహుమతి వస్తదని నాకు గూడ తెల్సు."

బాపు పక్షి వంక చూశాడు. టోపీ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. "గట్లయితే పెట్టకు" అన్నాడు. పోయేటప్పుడు నాతో, "నీ టీచర్ గట్టిది. చెప్పినట్టు విను" అన్నాడు. అప్పటిదాకా నన్ను పదోతరగతి దాటి చదివించాలా వద్దా అని ఇంట్లో రోజూ పంచాయితీ నడిచేది. ఆ రోజు నుంచి బాపు ఆ మాట ఎత్తలేదు.

ఎగ్జిబిషన్ హన్మకొండలో. మా పక్క బల్ల మీద మగపిల్లల బడి వాళ్ల పెంగ్విన్లు, మెడల దాకా దూదిలో మునిగి ఉన్నాయి. వాటి మధ్యలో తెల్ల ఎలుగుబంటి ఒకటి. ఆ ఎలుగు భూమికి ఆ చివర ఉంటుంది, పెంగ్విన్లు ఈ చివర. ఈ రెండూ ఒక దగ్గర ఎట్లా కలిశాయని సుజాత ఆ పిల్లల్ని అడిగితే "రైల్ల వచ్చినయి, కాజీపేటల దిగినయి" అన్నారు. జనం మాత్రం వాళ్ల బల్ల దగ్గరే మూగారు. మాకు నచ్చకపోయినా నిజం చెప్పాలి, ఆ దూది చూడడానికి ముద్దుగానే ఉంది.

బహుమతులు తేల్చే పెద్దాయన మా దగ్గరికి వచ్చేముందు పెద్ద మేడం టీచర్‌ను పక్కకు లాగింది. చేతిలో దూది ఉంది. పక్క బల్ల వాళ్లను అడిగి తెచ్చింది.

"జర పెట్టమ్మా. వేరు మీద ఇంత, కాళ్లకాడ ఇంత. ఏం పోతది? గది దక్కుతది."

"గది దక్కినంక గదిల నిలబడి పిల్లలకు ఏం చెప్పాలె మేడం? దూది పెడ్తే గది వస్తదని చెప్పాల్నా?"

"నీకు నీ మాటే ఎక్కువ. ఈ పిల్లల మొకం చూడు."

"వీళ్ల మొకం చూసే అంటాన్న."

పెద్దాయన వచ్చాడు. తెల్ల చొక్కా, జేబులో రెండు పెన్నులు. పక్షిని, బురదను, చెంబు పట్టుకున్న నన్ను మార్చి మార్చి చూశాడు. "ఇదేమిటమ్మా, నీళ్లు కారుతున్నాయి?"

"వాన సార్" అన్నాను.

"మంచు ఏది? మంచు లేకుండా పెంగ్విన్ ఏమిటి?"

టీచర్ పుస్తకం విప్పి చూపించారు. అడవి చూపించారు, చెంపల గీతలు చూపించారు. ఆయన పుస్తకం వైపు చూడనైనా చూడలేదు. పాఠ్యపుస్తకంలో ఏముందో అదే లెక్క అన్నాడు. కావాలంటే కొంచెం దూది అతికించండి, నేను మళ్లీ ఒక చుట్టు తిరిగి వస్తాను అని కూడా అన్నాడు. మంచివాడే అనుకోవాలి. పెద్ద మేడం కళ్లతోనే బతిమాలింది. టీచర్ ముక్కుకు అటూ ఇటూ గీతలు పడ్డాయి.

"మీరు చూసిండ్రా సార్?" అన్నారు.

"ఏమిటి?"

"పెంగ్విన్‌ను. నేను గూడ చూడలే. చూసినోళ్లు రాసింది ఇది. మీరు చదవనంటాండ్రు. ఇగ మీరు మళ్ల తిరిగి వచ్చే పని లేదు."

దూది పెంగ్విన్లకు మొదటి బహుమతి వచ్చింది. తెల్ల ఎలుగుబంటితో సహా. బస్సులో మేమందరం ఏడ్చాం. టీచర్ ఏడవలేదు. పక్షిని ఒళ్లో కూర్చోబెట్టుకుని కిటికీ పక్కన కూర్చున్నారు. కండక్టర్ దానికి కూడా టికెట్ అడిగాడు. "పిల్లే, సగం కొట్టు" అన్నారు టీచర్. ఏడుస్తూనే నవ్వాం.

వారం తిరగకముందే మిషన్లు వచ్చాయి. సైన్సు బల్లను వరండాలోకి నెట్టారు. ఆ రోజు తుపాను ముసురు. రేకుల మీంచి నీళ్లు బల్ల మీద కారుతున్నాయి. సీసాలు తడుస్తున్నాయి. ఇవాళ పాఠం ఉండదనుకున్నాం. టీచర్ గొడుగు మూసి గోడకు ఆనించి, చెవి వెనక సుద్దముక్క తీశారు. నల్లబల్ల లేదు. గోడ మీదే రాయడం మొదలుపెట్టారు.

"ఇదే తవాకి ఉండే జాగ. వాన, బురద, చలి. మంచిగైంది, ఇన్నొద్దులు గదిల కూసోని చెప్పిన. ఇప్పుడు తెల్సొస్తది. గది పోయింది. మొదటి గుడ్డు అనుకోండ్రి. అయితే ఏంది?"

గోడ మీద రాయొద్దని పెద్ద మేడం మనిషిని పంపింది. టీచర్ రాశారు. సున్నం కొట్టించారు. మళ్లీ రాశారు. మా తర్వాత చదివిన పిల్లలు చెబుతారు, ఆ గోడకు ఏటా సున్నం పడేది, ఏటా మళ్లీ గుండె బొమ్మ లేచేదని.

తర్వాతి ఏడాది ఎగ్జిబిషన్ మాటెత్తితే ఇగ వద్దులే అన్నది పెద్ద మేడం. టీచర్ అదే పక్షిని మళ్లీ తీసుకుపోయారు. కొత్త సిగ, కొత్త నాచు, అదే వాన. అదే పెద్దాయన. దూరం నుంచే గుర్తుపట్టి, "మళ్లీ ఇదేనా? మంచు ఏది?" అన్నాడు. టీచర్ నోరు విప్పబోయారు. ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెగువ, చెంబు కింద పెట్టి నేను అన్నాను.

"మంచు లేదు సార్. మంచుల ఉంటే అది ఈ పక్షి కాదు. ముక్కుకాడ గులాబీ తోలు లేదు చూడుండ్రి. చెంపల మీద గీతలు చూడుండ్రి. గిది తవాకి. అడవిల ఉంటది."

ఆయన పక్క బల్లకు పోయాడు. ఏ బహుమతీ రాలేదు. టీచర్ నా నెత్తి మీద ఒక్కటి మొట్టి, "చెంబు కింద పెడ్తివి, వాన ఆగింది" అన్నారు. నాకు జీవితంలో దక్కిన బహుమతి అదే. అంతకంటే పెద్దది నాకు ఎవరూ ఇవ్వలేదు, ఇస్తారని ఆశా లేదు.

గది తిరిగి రాలేదు. ఆమె రిటైరయ్యేదాకా రాలేదు. కానీ ఒకటి జరిగింది. మిషన్ల గదికి వరండా వైపు కిటికీ ఉంది. మొదట్లో పాఠం చెబుతుంటే మిషన్ల చప్పుడుకు మాకు సగం వినబడేది కాదు. టీచర్ గొంతు పెంచేవారు. కొన్నాళ్లకు నేను గమనించాను, టీచర్ మాట్లాడుతుంటే లోపల ఒక్కొక్క మిషనే ఆగుతుంది. కుట్టు నేర్చుకునే పిల్లలు స్టూళ్లు ఇటు తిప్పుకుని, గుడ్డ ఒళ్లో పెట్టుకుని వింటున్నారు. కుట్టు టీచర్ మొదట కసిరింది. ఆ తర్వాత ఆమె కూడా కిటికీ దగ్గరికి వచ్చి నిలబడేది. మగపక్షి పిల్లను కాపలా కాసే పాఠం వచ్చినరోజు లోపల ఒక్క మిషన్ కూడా తిరగలేదు.

నేను డిగ్రీ చదువుతుండగా బాపుకు పక్షవాతం వచ్చింది. దుకాణం అమ్మేయమన్నారు చుట్టాలు. ఆడపిల్ల అడ్తి దుకాణంలో కూర్చోవడమేంటి అన్నారు. నేను కూర్చున్నాను. మొదటిరోజు మార్కెట్లో ఒక్క మనిషి నా దుకాణం మెట్టు ఎక్కలేదు. మధ్యాహ్నం టీచర్ వచ్చారు. చెవి వెనక సుద్దముక్కతోనే వచ్చి, గద్దె పక్కన కూర్చుని, ఛాయ్ తాగారు. సాయంత్రం దాకా అక్కడే కూర్చుని, పోయే వచ్చే వాళ్లందరి మొహాల్లోకి సూటిగా చూస్తూ ఉన్నారు. వాళ్లలో చాలామంది కూతుళ్లు ఆమె దగ్గర చదువుకున్నవాళ్లే. ఒక్కొక్కరే మెట్టెక్కి నమస్తే పెట్టారు. పోయేటప్పుడు "ఫికర్ చెయ్యకు. నీళ్లు కొట్టకు" అన్నారు. నేను కొట్టలేదు. మా దుకాణం పత్తి మీద ఇవాళ్టికీ ఒక్క చుక్క పడలేదు, ఎవరైనా వచ్చి చూసుకోవచ్చు.

ఆ మధ్య టీచర్ పక్కింట్లో టీవీ వచ్చింది. ఒక ఆదివారం నేను పోయేసరికి టీచర్ పక్కింటి చాప మీద కూర్చుని టీవీతో కొట్లాడుతున్నారు. తెరమీద మంచులో పెంగ్విన్ల గుంపు. "ఎప్పుడు ఇవ్వే చూపిస్తరు! అడవిల ఉన్నదానికి కెమెరా పోదా? బురద అంటుతదా వీళ్లకు?" పక్కింటి పిల్లలు భయపడి చూస్తున్నారు. ఆమె చెల్లెలు నాతో, "రోజూ గిదే లొల్లి బిడ్డా. వార్తలు చదివేటాయనతోని గూడ కొట్లాడతది" అన్నది.

తవాకి టీచర్ ఇంట్లోనే ఉండేది. ముందుగదిలో చిన్న బల్ల మీద, ఆ ములుగు వేరు కింద. నాచు ఎప్పుడో ఎండి రాలిపోయింది. పక్షి పొట్ట పసుపెక్కింది. సిగ మాత్రం ఏటా కొత్తది. నూలు వెలిసిపోగానే సుజాతకు కబురు పెట్టేవారు. పెళ్లయి పిల్లలున్నా కొత్తవాడలో పుట్టింటి మగ్గం మీంచి ఆమె పచ్చటి నూలు తెచ్చి ఇచ్చేది. నిజం పక్షి కూడా ఏడాదికోసారి ఈకలన్నీ ఒక్కసారే రాల్చుకుని, కొత్తవి వచ్చేదాకా నీళ్లలోకి దిగకుండా ఒడ్డునే నిలబడి ఉంటుందట. "అప్పుడు దాన్ని చూస్తే గొంగడి చినిగినట్టు ఉంటది. అయినా నిలబడ్తది" అనేవారు.

చివరి రోజుల్లో దవాఖానలో ఆమె కూడా అట్లాగే ఉన్నారు. జుట్టు రాలిపోయింది. నేను పోయినప్పుడల్లా కళ్లు తెరిచి "మార్కెట్ ఎట్లున్నది?" అని అడిగేవారు. ఒకరోజు చిన్న డాక్టరు వచ్చి, ఏం కాదమ్మా, వారంలో లేచి తిరుగుతారు అన్నాడు. టీచర్ ఆయన్ని నిదానంగా చూశారు. "చూసినవా బాబూ, ఈ రోగంల ఎవరన్న లేచి తిరుగంగ?" ఆ పిల్లాడు తల దించుకున్నాడు. "చూడలేదు మేడం" అన్నాడు. "మంచిది. గట్లనే చెప్పు" అని అతని చెయ్యి పట్టుకున్నారు. ఆ మరునాడే ఇంటికి తీసుకుపొమ్మన్నారు. ఇంట్లోనే పోయారు.

మార్కెట్ నుంచి నేను పోయేసరికి టీచర్‌ను ముందుగదిలో పడుకోబెట్టి ఉంచారు. మధ్యాహ్నానికి తీసుకుపోయారు. మగ దిక్కు లేదని ఎవరో గొణిగితే, చెల్లెలు తనే నిప్పు పట్టుకుని ముందు నడిచింది. నేనూ సుజాతా ఆమెకు చెరో పక్కా నడిచాం. ఎవరైనా ఆపుతారేమోనని చూశాను. ఎవరూ ఆపలేదు.

తిరిగి వచ్చి స్నానాలయ్యాక, టీచర్‌ను పడుకోబెట్టిన చోట దీపం పెట్టారు. పక్కింటావిడ, ఆ టీవీ వాళ్లే, వత్తులు చేస్తున్నది. పాపం పొద్దున్నుంచి ఆ ఇంట్లోనే కష్టపడుతున్నది. మిగిలిన దూదిని ఎక్కడ పెట్టాలో తెలియక పక్కనే ఉన్న చిన్న బల్ల మీద పెట్టింది. అది విచ్చుకుని వేరు మీద పరుచుకుంది. కొంత తవాకి కాళ్ల దగ్గర పడింది.

నేను లేచి పోయి ఆ దూది తీయడం మొదలుపెట్టాను. వేరు సందుల్లో చిక్కుకున్న పోగులు కూడా ఒక్కొక్కటే గోటితో లాగాను.

"ఉండనియ్యి బిడ్డా" అన్నది పక్కింటావిడ. "మంచు లెక్క మంచిగనే కనబడ్తాంది."

చెల్లెలు తలెత్తి చూసింది. సుజాత చూసింది. నాకు అప్పటిదాకా రాని ఏడుపు అప్పుడు వచ్చింది. ఏడుస్తూనే చెప్పాను.

"లేదు చిన్నమ్మా. ఇది మంచుల ఉండే పక్షి కాదు."

"మరి యాడుంటది?"

ఆవిడ పక్కన నేల మీద కూర్చున్నాను. అడవి నుంచి మొదలుపెట్టాను. వాన, బురద, చెట్ల వేర్లు. ముక్కు దగ్గర తోలు, చెంపల మీద గీతలు. రెండు గుడ్లు. మగపక్షి తిండి మానేసి పిల్లను కాచే దగ్గరికి వచ్చేసరికి ఆవిడ నోరు తెరిచి నా వంకే చూస్తున్నది. చేతిలో సగం నలిపిన వత్తి అట్లాగే ఆగిపోయింది. దీపం వెలుగులో తవాకి నీడ గోడ మీద మనిషంత ఎత్తు లేచింది, ఈ ఏటి కొత్త సిగతో సహా.